వాకర్

బుధవారం నాది పాదాల డ్యూటీ.
గోరువెచ్చని నీళ్ళ టబ్బు, గుప్పెడు ఉప్పు,
ఆనెకాయలు చెక్కే చిన్న కత్తి.
హామిల్టన్‌లో గొర్రెలకన్నా ముసలి పాదాలే
ఎక్కువయ్యాయని మా సూపర్‌వైజరు జోకు.

మూడో కుర్చీలో లయల్ వాకర్.
ఎనభై మూడేళ్ళు.
నలభై ఏళ్ళు ఉన్ని కత్తిరించిన నడుము
ఇంక నిటారు కాదు.
ఎదురుగా అల్యూమినియం వాకర్.
"వాకర్ గారి వాకర్" అని ఎవరో ఒకరు అనకుండా
ఈ గదిలో ఏ వారమూ గడవదు.
ఆయన ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వుతాడు.

కాలు నీళ్ళలో పెడుతూ అడిగాను,
మీ పెద్దలు బాగా నడిచేవారా అని.

"అందరూ అలాగే అనుకుంటారు.
ఆ పేరు మొదట పెట్టుకున్నవాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదమ్మా.
యార్క్‌షైర్‌లో, నేసిన ఉన్నిగుడ్డ తొట్టిలో వేసి
పులిసిన ఉచ్చలో
తెల్లారిన దగ్గర్నుంచి తొక్కేవాళ్ళు,
పోగు పోగుని పట్టుకునేదాకా.
ఒక్క అడుగు ముందుకేస్తే తొట్టి గోడే."

తొక్కడం నాకు తెలుసు.
కుమ్మరి మట్టిని తొక్కడం చూశాను.
మా భాషలో తొక్కితే నడిచినట్టు కాదు.
వీళ్ళ పాత భాష
రెండింటికీ ఒకే మాటతో సరిపెట్టుకుందేమో.

తర్వాత ఏటి పక్కకి మర వచ్చింది.
నీటి చక్రం, కొయ్య సుత్తులు.
కాళ్ళకి పని పోయింది, పేరు పోలేదు.
పని తెలిసినవాడి నుంచి పని తెలియనివాడికి,
వాడి నుంచి
ఆ తొట్టి ఏ ఊళ్ళో ఉండేదో కూడా తెలియనివాడికి.

"అలా మీదాకా వచ్చింది" అన్నాను.
"రాలేదు" అన్నాడు.

తడి కాలు తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

మనవరాలు టెగన్ ఆయన ఉమ్మి
గొట్టంలో పట్టి పంపిందట.
యార్క్‌షైర్‌లో ఒక్క చుట్టమూ పలకలేదు.
పలికిందంతా ససెక్స్ వాళ్ళు, పిల్‌బీమ్‌లు.
ఇంట్లో ఎవరూ వినని పేరు.
అప్పుడు తీశారు పాత కాగితాలు:
పద్దెనిమిది వందల యాభై రెండు,
పోర్ట్‌లాండ్ రేవులో ఓడ దిగి
మళ్ళీ ఎక్కని కుర్ర నావికుడు, జార్జ్ పిల్‌బీమ్.
పట్టిస్తే రెండు పౌన్లు.
అదే ఏడు, రేవుకి యాభై మైళ్ళ ఎగువన
గొర్రెల స్టేషన్ జీతాల పుస్తకంలో
జార్జ్ వాకర్, కొత్త.
బూట్లకి అడ్వాన్సు పన్నెండు షిల్లింగులు.

మధ్యలో నాలుగు రోజుల నడక.
దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు.
పేరేమిట్రా అని ఓవర్సీరు అడిగి ఉంటాడు.
వీడు తల దించుకుని ఉంటాడు.
దించిన తలకి మొదట కనపడేవి
కాళ్ళే కదా.

పిల్‌బీమ్ అంటే బెరడు వలిచేవాడని ఒకాయన,
కాదు పొమ్మని మరొకాయన రాశారట.
అప్పటికి నేను మడమ మీద చచ్చిన చర్మం
పొరలుగా వలుస్తున్నాను.
ఇద్దరం అటే చూస్తూ ఊరుకున్నాం.

మాకు ఇంటిపేరు ముందు నడుస్తుంది,
మనిషి వెనక.
వీళ్ళకి మనిషి ముందు, పేరు వెనకాల.
దారిలో అది ఎక్కడ ఆగిపోయినా,
వేరే ఏదో వచ్చి వెంటపడినా
తిరిగి చూస్తేగాని తెలియదు.
నా బ్యాడ్జిలో తాటిపర్తి పట్టలేదు,
ఒక్క "టి" మిగిలింది, పక్కన చుక్క.
తాటిపర్తిలో నేనెన్నడూ కాలు పెట్టలేదు.
ఆ ఊరు మాత్రం ప్రతి గుమ్మంలోకీ
నాకంటే ముందే అడుగుపెట్టేది, ఇక్కడికొచ్చేదాకా.

"మరి చార్టులో పేరు మార్చమంటారా?"
"అరువు బూట్లమ్మా.
ఇప్పుడు ఎవరికని తిరిగివ్వను?
నా కాళ్ళకి సాగిపోయాయి."

ఉన్ని సాక్సు తొడిగాను.
మడమ దగ్గర ముడత లేకుండా రెండుసార్లు సర్దాను.
ఆయన వాకర్ పట్టుకుని లేచాడు.
తలుపుదాకా పదకొండు అడుగులు.
అయిదో అడుగు దగ్గర ఆగి,
ఒక్కచోటే నిలబడి
కాళ్ళు మార్చి మార్చి తొక్కాడు కాసేపు.

"తిమ్మిరి" అన్నాడు.

నాలుగో కుర్చీకి నీళ్ళు మార్చాను.